నా లెక్క ప్రకారం డబ్బులన్నీ చాయ్‌కే పెట్టాలి. తప్పెక్కడుంది?

రెండోసారి_గ్రూప్‌టూ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఇది పరీక్ష డౌట్ కాదు, జేబు డౌట్. పుస్తకంలకెంచి పుట్టింది కాబట్టి ఇక్కడ అడుగుతున్న.

నేను అశోక్‌నగర్‌ల ఉంటున్న. ముగ్గురం కలిసి ఒక గది. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీకి పోతే మళ్లీ రాత్రికే గదికి వచ్చుడు. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. పసుపు, మక్క వేస్తం. బాపు ప్రతి నెల అయిదో తారీఖు లోపట 8,500 పంపిస్తడు. అందుల నా వంతు కిరాయి 3,000, కరెంటు, నీళ్లకు 250, ఫోన్ రీచార్జి 299. ఈ మూడిట్ల నేను కదిపేది ఏం లేదు. మిగిలేది 4,951. నెలాఖరుకు అది ఎటు పోతుందో నాకే తెల్వదు. 25వ తారీఖు తర్వాత రూమ్మేట్ దగ్గర రెండొందలు, మూడొందలు చేబదులు అలవాటైంది.

ఆ రూమ్మేటే జేఎల్ (జూనియర్ లెక్చరర్) ఎకనామిక్స్‌కు చదువుతున్నది. ఆమె పుస్తకం తెరిచి ఉంటే చూసిన. సమోపాంత ప్రయోజన సూత్రం. డిగ్రీల బట్టీ పట్టి రాసిన ముక్కనే. చేతిల ఉన్న డబ్బును రకరకాల వస్తువుల మీద పెట్టేటప్పుడు, ఒక్కోదాని మీద పెట్టిన చివరి రూపాయి అన్నిట్ల ఒకే అంత ప్రయోజనం ఇచ్చేటట్టు పంచుకుంటే మొత్తం ప్రయోజనం గరిష్ఠం అయితది అని. అప్పుడు ఆరు మార్కులకు రాసిన. ఇప్పుడు 4,951కి రాయొచ్చు కదా అనిపించింది.

డైరీల ఒక పేజీ గీసిన. ప్రతి దానికి పదికి ఎన్ని మార్కులు అని వేసి, ధరతోటి భాగించిన.

చాయ్ 15 రూపాయలు, 9 మార్కులు. రూపాయికి 0.6.
కర్రీ పాయింట్ కూర 40 రూపాయలు, 8 మార్కులు. రూపాయికి 0.2.
మాక్ టెస్ట్ 100 రూపాయలు, 10 మార్కులు. రూపాయికి 0.1.
అయిదు రూపాయల భోజనం (మేమంతా ఇంకా అన్నపూర్ణ అనే అంటం) 6 మార్కులు. రూపాయికి 1.2.

ఇంటికి పోయే బస్సు. ఎక్స్‌ప్రెస్‌ల పోతే ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి టికెట్ పైసలు లేవు. 10 మార్కులు. పదిని సున్నాతో భాగిస్తే ఫోన్‌ల కాలిక్యులేటర్ ఎర్రర్ అని చూపించింది.

అంటే పుస్తకం చెప్పేది ఏందంటే, నేను మధ్యాహ్నం అన్నపూర్ణ లైన్ల నిలబడి తిని, మిగతా డబ్బంత చాయ్ తాగి, టెస్టులు బంద్ పెట్టి, వారం వారం మెట్‌పల్లి పోవాలి. నిజం చెప్పాలంటే గత మూడు నెలల్ల నేను చేసింది కూడా దాదాపు అదే! రోజుకు నాలుగు చాయ్‌లు. లెక్క కడితే నెలకు 1,800. చూసి నాకే నోట మాట రాలె. టెస్టులు నెలకు రెండంటే రెండు. ఇంటికి నెలకు నాలుగు సార్లు.

నేను పుస్తకం చెప్పినట్టే నడుచుకుంటున్న, అయినా ప్రిలిమ్స్ మోడల్ పేపర్ల మార్కులు లేస్త లేవు. సూత్రం తప్పా, నా మార్కులు తప్పా?

నైట్‌రీడింగ్‌హాల్

అక్కా, నాలుగు చాయ్‌లతోనే 1,800 అంటున్నవు. నేను రోజుకు ఆరు. నా మొత్తం ప్రయోజనం ఎప్పుడో గరిష్ఠం దాటి కడుపుమంటల పడ్డది.

తెనాలి_మాష్టారు

అమ్మాయి, ముప్పయ్యొక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇదే పాఠం చెప్పాను. ఇన్నేళ్లలో ఈ సూత్రాన్ని సొంత జేబు మీద ప్రయోగించి ఎర్రర్ తెచ్చుకున్న విద్యార్థి ఒక్కరూ తగల్లేదు. అందుకని కాస్త పెద్దగా రాస్తాను, విసుక్కోకు.

టీకి తొమ్మిది మార్కులు వేశావు. ఎన్నో టీకి?

పొద్దున లైబ్రరీకి వెళ్లబోయే ముందు తాగేదానికా, రాత్రి తొమ్మిదికి తాగే నాలుగోదానికా? నువ్వు మొదటి టీని గుర్తు చేసుకుని మార్కులేసి, వాటిని నాలుగింటికీ పంచిపెట్టావు. సూత్రం పేరులోనే ఉంది చూడు, 'ఉపాంత' అని. అంటే చిట్టచివరి కొసన ఉన్నది. దీనికి ముందు చెప్పుకునే పాఠం క్షీణోపాంత ప్రయోజన సూత్రం. ఒకే వస్తువు వెంటవెంటనే తీసుకుంటూ పోతే ఒక్కో అదనపు యూనిట్‌కీ ప్రయోజనం తగ్గుతుంది. పిల్లలకి నేను పునుగులతో చెప్పేవాణ్ణి. పుస్తకంలో ఆపిల్ పండ్లుండేవి. తెనాలిలో ఇంటర్ పిల్లవాడు వరసపెట్టి ఏడు ఆపిల్ పండ్లు ఎప్పుడు తిన్నాడు గనక? పునుగులైతే ఏడోది నోట్లో పెట్టుకున్న వాడి మొహం క్లాసులో అందరికీ తెలుసు.

నీ నాలుగు టీలకూ విడివిడిగా మార్కులు వేసి చూడు. నా ఊహకి 9, 6, 3, 1 అనుకుందాం. 15తో భాగిస్తే 0.6, 0.4, 0.2, ఆ నాలుగోది 0.07 కూడా ఉండదు. నువ్వు పోల్చవలసింది ఆ చివరి 0.07ని. మొదటి టీ నిన్ను నిద్ర లేపుతుంది, అది ఎంత గొప్పదైనా ఈ లెక్కలో దానికి పాత్ర లేదు. అది ఎలాగూ తాగుతావు.

రెండో తప్పు ఇంకా తమాషాగా ఉంది. పదికి మార్కులు అని పైన ఒక గీత గీసేశావు. టీకీ పదే, టెస్టుకీ పదే. పదిహేను రూపాయల వస్తువు, వంద రూపాయల వస్తువు ఒకే గీతకింద ఇరుక్కుంటే ధరతో భాగించగానే చౌకది ఎప్పుడూ గెలుస్తుంది. అగ్గిపెట్టె పెట్టినా నీ టెస్టు మీద గెలిచేది.

అసలు మార్కులే వద్దు. పాతకాలం పండితులు ప్రయోజనాన్ని తూకం వేసి కొలవొచ్చనుకున్నారు. గోసెన్ అనే జర్మన్ ఆయన 1854లో ఈ చివరి రూపాయి సంగతి పుస్తకంగా అచ్చు వేయించాడు. ఎవరూ కొనలేదు. మిగిలిన కాపీలు తనే వెనక్కి తెప్పించుకుని, 1858లో పోయాడు. తన పుస్తకానికి తన దేశంలోనే ఉపాంత ప్రయోజనం లేదని తేలిపోయింది పాపం. తర్వాత 1890లో మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త దాన్ని పాఠంగా స్థిరపరిచాడు. 1934కి హిక్స్, ఆలెన్ అనే ఇద్దరు వచ్చి, మార్కులతో పనిలేదు, మనిషి దేనికి దేన్ని వదులుకుంటాడో తెలిస్తే చాలు అన్నారు. మన ఉదాసీనతా వక్రరేఖలు, అంటే మనిషికి సమానంగా తృప్తినిచ్చే జతల్ని కలిపే వంపుగీతలు, అవే.

నీ విషయంలో దాన్ని ఇలా అడగాలి. ఒక టెస్టు వదులుకోమంటే, బదులుగా నీకు ఎన్ని టీలు ఇస్తే ఒప్పుకుంటావు? నాలుగోరకం టీలు సుమా, రాత్రి తొమ్మిదివి. పది ఇస్తే గాని ఒప్పుకోనంటావనుకో. బజార్లో ఒక టెస్టు ధరకి ఆరున్నర టీలు వస్తున్నాయి. నీ మనసులో టెస్టు విలువ పది టీలు, బజారు అడిగేది ఆరున్నర. అంటే టెస్టు నీకు చౌకగా దొరుకుతున్నట్టు. టీ తగ్గించి టెస్టు కొనాలి. ఎక్కడిదాకా? నీ మనసు లెక్కా బజారు లెక్కా ఒకటయ్యేదాకా. బోర్డు మీద బడ్జెట్ రేఖ (చేతిలోని డబ్బుకి ఏవి ఎన్ని వస్తాయో చూపే గీత) ఆ వంపుగీతను తాకుతూ పోయే బిందువు అని గీసేది ఇదే. అక్కడితో ఆగాలి.

అంకెలతో చూడు. నాలుగో టీ రోజుకి 15, వారానికి 105. టెస్టు 100. వారంలో ఏడు నాలుగో టీలు ఒక పక్క, ఒక టెస్టు ఒక పక్క. ఏది కావాలి? నువ్వే చెప్పు. ఇక్కడ నా అభిప్రాయానికి విలువ లేదు, నిజంగానే లేదు. ఈ పాఠం ఎవరికీ ఏది మంచిదో చెప్పదు. మూడో టీ కూడా మానేస్తే వారానికి రెండో టెస్టు వస్తుంది. కానీ మొదటి టెస్టులో పోయిన ప్రశ్నలు సరిచూసుకోకుండా రెండోది రాస్తే దాని ప్రయోజనమూ జారుతుంది. టెస్టుకీ క్షీణత ఉంది. కాబట్టి టీలన్నీ మానేసి వారానికి నాలుగు టెస్టులు రాయమని సూత్రం ఎప్పుడూ చెప్పదు.

ఇక సున్నాతో భాగహారం. ధర సున్నా అయితే నియమం ఏమంటుందంటే, ఆ వస్తువు ఉపాంత ప్రయోజనం కూడా సున్నా అయ్యేదాకా తీసుకో అంటుంది. అంతేగాని అనంతంగా తీసుకోమనదు. అయితే నీ బస్సు ధర నిజంగా సున్నాయేనా? మెట్‌పల్లికి ఎక్స్‌ప్రెస్‌లో ఎంతసేపు?

రెండోసారి_గ్రూప్‌టూ

సార్, దండాలు. "ఎన్నో టీకి" అని చదవంగనే పెన్ను కింద పెట్టిన. మా రూమ్మేట్‌కు కూడా చూపించిన, ఆమె స్క్రీన్‌షాట్ తీసుకున్నది.

బస్సు జేబీఎస్ (జూబ్లీ బస్టాండ్) నుంచి అయిదున్నర, ఆరు గంటలు పడతది. శనివారం మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి ఇల్లు. ఆదివారం రాత్రి కల్లా మళ్లీ గదిల పడాల్నంటే మధ్యాహ్నం బువ్వ తినంగనే బయలెల్లాలె. రానుపోను పన్నెండు గంటలు. సీటు దొరక్కపోతే సిద్దిపేట దాకా నిలబడుడే. నిలబడి కరెంట్ అఫైర్స్ చదువుడు నా వల్ల కాలె, ప్రయత్నించిన.

అంటే నా బడ్జెట్ రెండు. ఒకటి 4,951. ఇంకోటి గంటలు. ఈ మాట రాస్తుంటేనే తడుతున్నది. అన్నపూర్ణ భోజనం కూడ అయిదు రూపాయలు కాదన్నట్టే. లైన్ల అరగంట అయితది.

తెనాలి_మాష్టారు

అదే నేను చెప్పబోయింది, నువ్వే చెప్పేశావు. గేరీ బెకర్ అనే ఆర్థికవేత్త 1965లో రాసిన వ్యాసం సారాంశం ఇంచుమించు ఇదే. ప్రతి వస్తువుకీ రూపాయల ధరతో పాటు గంటల ధర కూడా ఉంటుంది. రూపాయి ధర సున్నా అయినప్పుడు గంటల ధరే మొత్తం ధర. అందుకే ఉచిత బస్సులో ఎవరు ఎక్కువ తిరుగుతారో, ఎవరు టికెట్ కొని సూపర్ లగ్జరీ ఎక్కుతారో వాళ్లవాళ్ల గంట విలువను బట్టి ఉంటుంది. మా వైపు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి (ఆడవాళ్లకి ఉచిత బస్సు) వచ్చాక మా ఇంటావిడ గుంటూరు వెళ్లి చీర చూసి, కొనకుండా తిరిగి వస్తోంది. ఆవిడ గంట ధర సున్నా అని నేననలేదు, ఆవిడే అంది.

నీకు వేయదగ్గ ప్రశ్న ఒక్కటే. నెలలో నాలుగోసారి ఇంటికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుంది?

రెండోసారి_గ్రూప్‌టూ

నాలుగోసారి పోతే అవ్వ "మళ్లొచ్చినవా?" అంటది సార్. మొదటిసారి పోతే కోడిని కోస్తది.

పక్కింటోళ్లు "నోటిఫికేషన్ ఎప్పుడు పడతది" అని అడుగుడు మాత్రం ఏ సారి పోయినా తగ్గదు. దానికి క్షీణత లేదు.

కాజీపేట_కిరాణం

చెల్లె, నేను చదివింది ఇంటరే గానీ కౌంటర్ మీద ఇరవై రెండేండ్లు కూసున్న. సార్ చెప్పింది బాగున్నది. కానీ నెల డబ్బు నెల మొదట్ల చేతికి వచ్చేటోళ్ల లెక్క అది. నా గిరాకీల్ల సగం మందికి డబ్బు పొద్దు మూకితే వస్తది.

అడ్డా కూలీకి పోయే ఆమె రాత్రి ఏడున్నరకు వస్తది. పావుకిలో ఉల్లిగడ్డ, ఇరవై రూపాయల నూనె, రెండు షాంపూ పొట్లాలు, ఒక చాయ్‌పత్త పొట్లం. రోజూ అంతే. లీటర్ నూనె కొంటే ఆమెకు అగ్గువ పడుతదని నాకు తెలుసు. ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసు, నోటి లెక్కల నన్ను రెండుసార్లు పట్టుకున్నది. కానీ లీటర్ కొన్న రోజు ఉల్లిగడ్డ ఉండదు, చాయ్‌పత్త ఉండదు. ఆమె బడ్జెట్ రేఖ రోజుకొక్కటి గీస్తది, నెలకొక్కటి కాదు. ఇంకోటి కూడ చెప్పింది ఆమెనే. "సీస తెస్తే పిల్లలు రెండు సార్లు ఒంపుకుంటరన్నా, పొట్లమైతే పొట్లమే." చిన్న పొట్లం ఆమెకు ధర కాదు, తాళం.

షాంపూలల్ల ఒక చిత్రం ఉన్నది. చాలా కంపెనీలవి పొట్లంల ఉన్న ఎం.ఎల్.లు లెక్కబెట్టి చూస్తే సీస కన్నా పొట్లమే అగ్గువ పడతది. నూనెల ఉల్టా. అందుకని పెద్దది కొంటే అగ్గువ అనేది అన్నిట్ల నడవదు. వెనక ముద్రించిన బరువు చూడాలె. బిస్కెట్ పుడ అయిదు రూపాయలదే ఏండ్ల సంది అయిదు రూపాయలే. లోపల గ్రాములు మాత్రం దిగుకుంట వచ్చినయ్. ధర పెరగలేదని అనుకునేటోడు గ్రాములల్ల కట్టిండు.

ఇంకో సంగతి సార్‌ను అడగాలె. 2025 సెప్టెంబర్ 22న సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. సబ్బు అగ్గువైందని నా గిరాకీల్ల ఎవ్వరు రెండుసార్లు ఎక్కువ స్నానం చేయలె. సబ్బులు ఎన్ని పోయేటివో అన్నే పోతున్నయ్. మరి మీ సూత్రం ప్రకారం అగ్గువైంది ఎక్కువ కొనాలె కదా?

తెనాలి_మాష్టారు

మీరు అడిగినదాన్ని స్లట్‌స్కీ అనే రష్యన్ ఆయన 1915లో రెండు ముక్కలు చేసి చూపించాడు. ధర దిగితే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, చౌకైనదాని వైపు మొగ్గడం, దాన్ని ప్రతిస్థాపన ప్రభావం అంటారు. రెండోది, అదే సరుకు కొన్నాక చేతిలో నాలుగు రూపాయలు మిగలడం, అది ఆదాయ ప్రభావం. ఒళ్లు ఒకటే కాబట్టి సబ్బుకి మొదటిది నామమాత్రం. మిగిలిన నాలుగు రూపాయలు మీ కొట్లోనే ఇంకో వస్తువు మీదకి వెళ్లి ఉంటాయి. మీ అమ్మకాల్లో ఏది కాస్త పెరిగిందో చూడండి.

కాజీపేట_కిరాణం

కోడిగుడ్లు. నేను చలికాలమని అనుకున్న.

పోపులపెట్టె

మాష్టారు గారికి నమస్కారం. నేను అనకాపల్లి నుంచి. మా ఆయన ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఈ చర్చ మూడు రోజుల నుంచి చదువుతున్నాను. ఒక్కటి నాకు మింగుడు పడడం లేదు.

ఏ రూపాయి అయినా రూపాయే, దీన్లోంచి తీసి దాన్లో పెట్టు, చివరి రూపాయి సమానం చెయ్యి అంటున్నారు. మా ఇంట్లో అలా చేస్తే పదో తారీఖుకి స్కూలు ఫీజు రూపాయి చేపల రూపాయి అయిపోతుంది. ఎందుకంటే ఆదివారం పొద్దున్న చేపల తట్ట గుమ్మంలోకి వచ్చినప్పుడు చేప ప్రయోజనం కళ్లకి కనిపిస్తుంది, ఫీజు ప్రయోజనం జూన్‌లో గాని కనిపించదు. అందుకే మా అమ్మ పోపులపెట్టెలో, నేను పాత హార్లిక్స్ సీసాల్లో విడివిడిగా పెడతాం. పాలవాడిది ఒకటి, ఫీజుది ఒకటి, చీటీది ఒకటి. పాల సీసాలో మిగిలినా చేపకి తియ్యను. లెక్క ప్రకారం ఇది తెలివితక్కువే కావచ్చు, పదకొండేళ్లుగా ఫీజు మాత్రం ఆలస్యం కాలేదు.

అమ్మాయ్, నువ్వు కూడా రోజూ కాలిక్యులేటర్ తీసి కూర్చోకు. టెస్టుల డబ్బు అయిదో తారీఖునే పక్కన పెట్టెయ్, మిగిలిందాంట్లో టీ తాగు.

తెనాలి_మాష్టారు

మీరు చేసేదానికి రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 'మనసులో పద్దులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 2017లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. హార్లిక్స్ సీసాలకి ఎవరూ ఇవ్వలేదు. పాఠ్యపుస్తకంలోని వినియోగదారుడికి చేపల తట్ట ఎదురుపడదు, అదే ఆ పాఠంలో లోటు. లెక్క వేయడానికి కూడా ఖర్చు ఉంటుంది, అందుకని మనిషి గరిష్ఠం కోసం వెతక్కుండా 'చాలులే' అనిపించిన చోట ఆగుతాడని హెర్బర్ట్ సైమన్ అన్నాడు. క్లాసులో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు నేను. సిలబస్‌లో లేదు.

అయినా ఒక్క మాట మిగిలి ఉంది. సీసాలు ఎన్ని, ఒక్కో సీసాలో ఎంత అన్నది మొదట నిర్ణయించారు చూడండి, అక్కడ మీరు చేసింది చివరి రూపాయి లెక్కే.

రెండోసారి_గ్రూప్‌టూ (నెల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్తే. ఏమైందో చెప్పాలె కదా.

నాలుగో చాయ్ మానేద్దామనే అనుకున్న. నాలుగు రోజులు మానేసిన కూడ. అయితే సార్, నాలుగో చాయ్‌కి మీరు వేసిన ఒక్క మార్కు తప్పే. అది చాయ్ మార్కు. రాత్రి తొమ్మిదింటికి ఆ బండి దగ్గర పది మందిమి జమ అయితం. ఎవరికి ఏ కోర్టు కేసు తెలిసింది, ఏ కీల ఏ ప్రశ్న తప్పున్నది, ఎవరి దగ్గర మంచి నోట్స్ ఉన్నయ్, అన్నీ అక్కడనే. అందరి చేతిల గ్లాసు ఉండి నా చేతిల లేకపోతే అయిదు నిమిషాలకే "పోతున్న" అని వచ్చేస్తున్న. పదిహేను రూపాయలు చాయ్‌కి కాదు, అక్కడ నిలబడేటందుకు ఇస్తున్న కిరాయి అని నాలుగో రోజుకు అర్థమైంది.

అయిదో రోజు నా పక్కన ఉండే వనపర్తి పిల్ల "వన్ బై టూ చెప్పనా" అన్నది. గంతే! పుస్తకంల వస్తువులు ఎంత చిన్న ముక్కలు అయినా చేయొచ్చని ముందే అనుకుంటరు కదా, హైదరాబాద్ చాయ్‌బండిల నిజంగానే చేయొచ్చు. ఏడున్నర రూపాయలకు గ్లాసు చేతిల ఉంటది, మాటలు పూర్తిగ ఉంటయ్. నెలకు 225 మిగిలింది. దాంట్ల రెండు టెస్టులు. పాతవి రెండు, మొత్తం నాలుగు, వారానికి ఒకటి.

పోపులపెట్టె అక్క చెప్పినట్టు టెస్టుల 400 అయిదో తారీఖునే కట్టేసిన. కట్టినంక వాటికి చివరి రూపాయి లెక్క లేదు, పోయి రాసుడే.

ఇంటికి రెండుసార్లు పోయిన. మిగిలిన రెండు వారాల ఇరవై నాలుగు గంటల్ల పదకొండు గంటలు చదివిన, మిగతావి పడుకున్న. నిద్రకు ఎన్ని మార్కులు వేయాల్నో తెలుస్త లేదు. అన్నపూర్ణ మాత్రం వదల్లే. లైన్ల నిలబడి స్కీముల చిట్టీలు చదువుతున్న, అందుకని ఆ అరగంట ధర దిగింది. బస్సుల చదవరాదు గానీ లైన్ల చదవొచ్చు, ఎందుకో.

25వ తారీఖుకు చేబదులు అడగలె. 28కి అడిగిన, చెప్పు తెగింది.

ఇంకొకటి సార్, ఇది అడగాల్నా వద్దా అని రెండు రోజులు ఆగిన. మొన్న ఎకానమీ నోట్స్ తిప్పుతుంటే గృహ వినియోగ సర్వే వచ్చింది. 2023-24ల దేశం మొత్తం మీద పల్లెల్ల ఒక మనిషి సగటు నెల ఖర్చు 4,122 రూపాయలు. ఇది నేను నిరుడు కూడ బట్టీ పట్టిన అంకెనే. ఈసారి పక్కన 8,500 రాసి చూసిన. నాకు ఒక్కదానికి పోయేది పల్లెల ఇద్దరి ఖర్చు కన్నా 256 ఎక్కువ.

ఇన్ని రోజులు నా చివరి రూపాయిని చాయ్‌తోటి, టెస్టుతోటి పోల్చుకుంటున్న. బాపు దగ్గర ఆ రూపాయి ఉంటే దేనికి పోయేటిదో లెక్కల రాలె. రెండేండ్ల సంది మోటరు స్టార్టర్ మార్చాలె, మార్చాలె అంటున్నడు. ఆయన చివరి రూపాయిని, నా చివరి రూపాయిని ఒకే సూత్రంల పెట్టొచ్చా?

తెనాలి_మాష్టారు

పెట్టడానికి లేదని లయొనెల్ రాబిన్స్ అనే ఆర్థికవేత్త 1932లో గట్టిగా వాదించాడమ్మా. ఒకరి ప్రయోజనాన్ని ఇంకొకరి ప్రయోజనంతో పోల్చడానికి శాస్త్రంలో తూనికరాయి లేదన్నాడు. నేను అదే పాఠం చెప్పాను.

నా కొడుకు హైదరాబాదులో చదివినప్పుడు అయిదేళ్లు డబ్బు పంపాను. అప్పుడు ఈ సూత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు.

పోపులపెట్టె

స్టార్టర్ ఎంత అవుతుందో కనుక్కో అమ్మాయ్. చీటీ వేస్తే ఎన్ని నెలలో చెప్తాను.

రెండోసారి_గ్రూప్‌టూ

కనుక్కుంట అక్కా. బాపును అడిగితే చెప్పడు, మెట్‌పల్లిల మోటర్లు రిపేర్ చేసే అన్నను అడుగుత. ఈ శనివారం పోను, టెస్టు ఉన్నది. వచ్చే శనివారం.